పాటకూ ఓ ఎత్తిపోతల పథకం

సంగీత దర్శకుణ్ని ఎంచుకున్నది తాను కాదట. ఆ బాధ్యత పాట రాసిన అందెశ్రీకి అప్పగించామనీ, ఎవరితో చేయించుకోవాలన్నది ఆయన ఇష్టమనీ, అందులో తన పాత్రేమీ లేదనీ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు సెలవిచ్చారు. రాష్ట్ర గీతం గురించి అడిగితే వచ్చిన జవాబిది. చదవగానే నాకు గోదారి మీది మేడిగడ్డ బరాజ్ యాదికొచ్చింది.

భూపాలపల్లి జిల్లా వాళ్లకు ఈ రాగం కొత్తది కాదు. 2023 అక్టోబరు 21న ఆ బరాజ్ ఏడో బ్లాకులో పియర్లు కుంగినప్పటి నుంచి వింటూనే ఉన్నారు. డిజైన్ గీసినవాళ్లను అడిగితే కట్టినవాళ్లను చూపెడతారు. కట్టినవాళ్లు నిర్వహణ చూసేవాళ్లను చూపెడతారు. వాళ్లు పైనుంచి ఆర్డరంటారు. పైనున్న వాళ్లేమో ఇంజినీర్లు చెప్పినట్టే చేశామంటారు. అంబట్‌పల్లి కాడ గోదారి ఒడ్డున నిలబడి ఎవరిని వేలెత్తి చూపాలో తెలియక జనం వేళ్లు ముడుచుకున్నారు. కుంగింది పియరే కాబట్టి చివరికి తప్పు పియర్‌దే అని తేల్చేట్టున్నారు. పాట విషయంలో ఆ పియర్ వేషం అందెశ్రీకి ఇచ్చారు, అంతే తేడా.

దీంతో నాకో సంగతి ఖాయమైంది. 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం కూర్చుని ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతంగా ఒప్పుకున్నప్పుడు ఆ ఫైలు పొరపాటున సాగునీటి శాఖకు పోయింది. అప్పటినుంచి జరిగిందంతా ప్రాజెక్టు పద్ధతిలోనే జరిగింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన పాటకు ఆంధ్రా సంగీత దర్శకుడేమిటని తెలంగాణ సినీ మ్యూజీషియన్స్ అసోసియేషన్ వాళ్లు ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆ పంచాయితీలో నేను కూర్చోను. ఈ పాటకు బాణీ కట్టిన కీరవాణి గారికి నేను పాత అభిమానిని. 1991లో ‘క్షణక్షణం’ పాటలను జనగామ క్యాసెట్ల దుకాణంలో ఖాళీ క్యాసెట్‌కు ఎక్కించుకుని అరిగేదాకా విన్నవాణ్ని. 1997లో ‘అన్నమయ్య’ వచ్చాక మా వాడకట్టులో తెల్లారిందంటే ఆ పాటలే. 2023 మార్చిలో ఆయన ఆస్కార్ అందుకున్నప్పుడు పక్కన నిలబడ్డది ఎవరు? భూపాలపల్లి జిల్లా చల్లగరిగ చంద్రబోస్. మా చల్లగరిగ మాటలకు ఆయన కట్టిన బాణీకి దునియా అంతా కాలు కదిపింది. అంటే జనానికి అందేట్టు పాట కట్టడం ఆయనకు రాక కాదు. వచ్చిన మనిషి చేతికి పాట పోయి, అందని ఎత్తున తేలింది. అభిమాని ఏడుపు అక్కడే మొదలైంది.

ఇక ప్రాజెక్టులోకి దిగుదాం. నీటి వనరు: రేబర్తి. జనగామ దగ్గరి ఊరు, 2016 జిల్లాల పంపకంలో మద్దూరు మండలంతో పాటు సిద్దిపేట వాటాకు పోయింది. గొర్లు కాసి, తర్వాత తాపీ పని చేసి, బడి గడప తొక్కని అందెశ్రీ కడుపులో ఊరిన ఊట. పరీవాహక ప్రాంతం: తెలంగాణ మొత్తం. పంపులు, మోటార్లు, కరెంటు బిల్లు: సున్నా. ఎవరో ఒకరు ఎత్తుకుంటే చాలు, మిగతాదంతా వాలు మీద అదే పారేది.

తెలంగాణ ఉద్యమంలో జనగామ చౌరస్తాలో జేఏసీ టెంటు కింద రిలే దీక్షలు నడిచిన రోజుల్లో ఉన్నవాళ్లకు తెలుసు. డప్పు కొట్టే కాక ముందు నాలుగు పాత పేపర్లూ ఇంత ఎండుగడ్డీ ముట్టించేవాడు. డప్పును ఆ మంట మీద తిప్పి తిప్పి కాపేవాడు. తోలు బిగిసిందా లేదా అని వేలితో ఒక్కసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. చాలకపోతే మళ్లీ మంట మీదికే. ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల. మా వాద్యగోష్ఠి మొత్తం అదే. శ్రుతి ఎవరు నిర్ణయించేవారంటే, ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లు. జూనియర్ కాలేజీ లెక్చరర్ ఎత్తుకున్న రోజు పాట నేల మీద నడిచేది. కూరగాయలమ్మే అవ్వ ఎత్తుకున్న రోజు మిద్దె మీద నడిచేది. మిగతావాళ్లు సర్దుకునేవారు. మూడో చరణం దాటితే సగం మందికి మాటలు రావు. రానివాళ్లు పక్కవాళ్ల పెదాలు చూసి సగం పదం వెనకాల అందుకునేవారు. నన్నడిగితే ఆ సగం పదం ఆలస్యంలోనే పాట రుచంతా ఉండేది. దాన్ని ఏ స్టూడియో కూడా ఉంచదు.

2024 జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో పాటకు గేట్లు ఎత్తారు. విన్నాను. పాటను గుర్తుపట్టొచ్చు, అందుకోలేం. కన్నెపల్లి పంప్‌హౌస్ నుంచి అన్నారానికి, అన్నారం నుంచి సుందిళ్లకు, అక్కణ్నుంచి ఎల్లంపల్లికి నీళ్లను మెట్టుమెట్టుకూ ఎత్తిపోసినట్టు, మొదటి దశలో బృందగానం పల్లవిని ఎత్తుతుంది. రెండో దశలో వాద్యాలు అందుకుంటాయి. మూడో దశకు పాట గుట్టెక్కి కూర్చుంటుంది, మనం కింద లోటా పట్టుకుని నిలబడతాం. ఇంత ఎత్తు ఎందుకని అడగొద్దు. ఎత్తిపోతలలో ఎత్తడం ఒక శాఖ పని, పొలానికి అందిందా లేదా చూడటం వేరే శాఖ పని. భూపాలపల్లి చాయ్ హోటల్లో ఫోన్‌లో ఈ పాట పెట్టి వినిపిస్తే సింగరేణిలో రిటైరైన పెద్దాయన ఒకరు చివరిదాకా కదలకుండా విన్నారు. “మంచిగనే ఉన్నది సార్. మనం ఏడ అందుకోవాలె?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నిల్వ సామర్థ్యం రెండు రకాలుగా ప్రకటించారు. పూర్తి నిడివి 13.5 నిమిషాలు. ఇది ఎఫ్‌ఆర్‌ఎల్, నిండు మట్టం. కుదించినది 2.5 నిమిషాలు. ఇంజినీర్లు దీన్ని డెడ్ స్టోరేజీ అంటారు. రోజువారీ వాడకానికి డెడ్ స్టోరేజీయే గతి. ఏ పండుగకో మానుకోట (మహబూబాబాద్) కలెక్టరేట్ ఆవరణలో నిండు మట్టం వదిలారనుకోండి. అందరూ అటెన్షన్‌లో నిలబడతారు. మూడో నిమిషంలో ఒక పెద్దసారు అయిపోయిందనుకుని సగం కూర్చుంటారు. ఇంకో చరణం వస్తుంది, మళ్లీ లేస్తారు. ఆరో నిమిషంలో ఎంపీడీవోలు ఒకరి గడియారం ఒకరు చూసుకుంటారు. తొమ్మిదో నిమిషంలో సన్మానానికి పిలిపించిన ఎనభై ఏళ్ల ఉద్యమకారుడి మోకాళ్లు కుంగుతాయి. వెంటనే డ్యాం సేఫ్టీ అథారిటీ వాళ్లు దిగి ఏడో వరుస కుర్చీల చుట్టూ తాడు కడతారు. ప్లానింగ్ లోపమా, డిజైన్ లోపమా, నాణ్యత లోపమా, నిర్వహణ లోపమా అని నివేదిక రాస్తారు. మేడిగడ్డ మీద విచారణ జరిపిన ఘోష్ కమిషన్ వారిని మళ్లీ పిలిచి ఈ మోకాళ్లను కూడా విచారణ పరిధిలో చేర్చితే సరిపోతుంది. పాటలోంచి అక్కడక్కడా కోర్ శాంపిల్ తీసి ల్యాబుకు పంపాలని నా మనవి. తీగ వాద్యం ఎంత, కోరస్ ఎంత, చెమట ఎంత అన్నది శాతాల్లో తేలిపోతుంది.

ముంపు సంగతి కూడా చెప్పుకోవాలి. పాత పాటలో పది జిల్లాల మాట ఉండేది. 2016లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పది అన్న మాట బ్యాక్‌వాటర్ కింద మునిగిపోయింది. వరంగల్‌ను ముక్కలు చేస్తేనే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి కనుక ఫిర్యాదు చేసే మొహం మాకు లేదు. మునిగిన మాటకు పునరావాస ప్యాకేజీ ఉందా అని మాత్రం అడుగుతున్నాం. మల్లన్నసాగర్ నిర్వాసితులకు ఇచ్చినట్టే ఇస్తామంటే వద్దు, మునిగే ఉండనీయండి.

చివరి ఆయకట్టు గోస వేరు. ఎస్సారెస్పీ రెండో దశ కాలువల కింద ఉన్న మానుకోట రైతుకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. తల దగ్గర నిండుగా పారేది తోకకు వచ్చేసరికి తడి మాత్రమే మిగులుతుంది. పాటకూ లస్కర్లను వేయాలి మరి. ఆ మాటకొస్తే లస్కర్లు ఇప్పటికే ఉన్నారు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులు. ధూంధాంలలో కాళ్లకు గజ్జె కట్టి, గొంతులు పగిలేదాకా పాడిన పిల్లలు. రాష్ట్రం వచ్చాక వాళ్లకు జీతమిచ్చి పాడించింది ఏమిటి? సర్కారు పథకాల పాటలు. సర్కారు మారింది, పథకాల పేర్లు మారాయి, డ్యూటీ అదే.

చాలు. ఈ ఇంజినీరింగు ఇక నావల్ల కాదు.

ఉద్యమ కాలంలో, 2010 మే 28న మానుకోట రైల్వే స్టేషన్‌లో పట్టాల మీది కంకర రాళ్లు పట్టుకున్న చేతులున్నాయి. తుపాకులు పేలాయి, జనం నెత్తురు కార్చారు. పద్నాలుగేళ్లు తిరిగి అవే రోజులు వచ్చేసరికి, ఆ జనం పాడుకున్న పాట ఎవరి బాధ్యతో చెప్పడానికి హైదరాబాద్‌లో ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైతే భూపాలపల్లి బొగ్గు బాయిలు బందయ్యాయి. కార్మికుడు జీతం వదులుకున్నాడు, ఇంటామె దుకాణంలో ఉద్దెర పెట్టింది. వాళ్లెవరికీ శ్రుతిపెట్టె లేదు. పాడటానికి ఎవరి అనుమతీ అడగలేదు. ఆ పాటల మీద నడిచే గద్దెనెక్కిన పార్టీ దాదాపు పదేళ్లు ఏలింది. ఈ పాటను రాష్ట్ర గీతం చేస్తూ ఒక్క జీవో ఇవ్వడానికి దానికి చేతులు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ అన్యాయం దిద్దుతామని వచ్చినవాళ్లు ఏం చేశారు? నిన్నటిదాకా పాడిన మనిషిని పట్టుకుని, లేచి నిలబడు, నోరు మూసుకో, వినిపిస్తాం అన్నారు. విన్న మనిషి ఇదేమిటని అడిగితే, గొర్లు కాసిన కవిని ముందుకు నెట్టి తాము వెనక్కి జరిగారు. మంత్రివర్గం ఒప్పుకున్న పాట, సచివాలయంలో కూర్చుని ఖరారు చేసిన పాట, సర్కారు వేదిక మీద విడుదల చేసిన పాట. అందులో సర్కారుకు పాత్ర లేదా? చప్పట్లు పడేటప్పుడు ముందు వరుసలో మీరు, మాట పడేటప్పుడు ముందు వరుసలో అందెశ్రీయా? మా ఊళ్లలో ఇలాంటి పెద్దరికాన్ని సిగ్గుమాలినతనం అంటారు.

కీరవాణి గారి రికార్డును ఎవరూ చెరిపేయనక్కర్లేదు. పరేడ్ గ్రౌండ్స్‌లో వేసుకోండి, ఢిల్లీలో తెలంగాణ భవన్‌లో వేసుకోండి. ఆగస్టు 15న మాత్రం జనగామ, మానుకోట, భూపాలపల్లి బడుల్లో జెండా కాడ స్పీకర్ పెట్టొద్దని కలెక్టర్లకు ఒక్క కాగితం పంపండి. సర్కారు పంపకపోతే సార్లూ, టీచరమ్మలూ, మీరే ఆ పని చేయండి. గొంతున్న పిల్లను ముందుకు పిలవండి. ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలో సాగనీయండి. ఊళ్లో డప్పు కొట్టే మనిషికి ముందురోజే కబురు పెట్టండి, వచ్చినాయనకు కూలి మాత్రం ఆ రోజే ఇచ్చి పంపండి.