నేను ఎర్త్ పట్టీని

సన్నటి రాగి తీగలను జడలా అల్లి నన్ను తయారుచేశారు. నాగర్‌కర్నూల్‌లో పల్లీ బస్తాలు మోసే ఒక పికప్ బండిలో, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉంటాను. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లిన కరెంటు మళ్లీ మైనస్‌కు చేరాలంటే నా మీదుగానే రావాలి. డీజిల్ ఇంజను తిప్పేటప్పుడు అది 200 ఆంపియర్లు దాటుతుంది.

సెల్ఫ్‌కు ఉన్న పేరు నాకు లేదు. ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలోకి వచ్చి, హ్యాండిల్ తిప్పే అవస్థను తప్పించింది. బండి కదలకపోతే అందరి చూపూ ముందు దాని మీదికే పోతుంది.

ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు కాలువలకు చేరాక మా తొవ్వల్లో తడి పెరిగింది. ఆ బురదకు యూరియా, డీఏపీ బస్తాల పొడి తోడై నా మీద పడేది. ఛాసిస్ వైపు కొసకు పచ్చటి చిలుం పట్టింది. బోల్టు బిగువుగానే ఉంది, కానీ దాని కింద రాగి ఇనుముకు తగలడం లేదు.

యాసంగి పల్లీ మార్కెట్‌కు వచ్చే రోజుల్లో సెల్ఫ్ టక్కుమని ఆగిపోయింది. కొత్తది బిగించారు. అదీ టక్కుమంది. లోడు ఎండలో ఉండగా డ్రైవర్ ఒక ముసలి మిస్త్రీని పిలుచుకొచ్చాడు.

"వైర్లు తారుమారు పెట్టిన్రేమో, చూడు కాకా."

మిస్త్రీ సెల్ఫ్ మీది స్విచ్చు, అంటే సోలినాయిడ్ చూశాడు. బ్యాటరీ వైరు మోటారు వైపు బోల్టుకు పెడితే తాళం తిప్పకముందే మోటారు ఊరికే తిరుగుతుంది. అలా లేదు. తాళం నుంచి వచ్చే సన్న వైరూ సరిగ్గానే ఉంది, టక్కుమన్న చప్పుడే అందుకు సాక్ష్యం. అప్పుడు బ్యాటరీకి మీటర్ పెట్టి తాళం తిప్పమన్నాడు. ముల్లు 12 దగ్గరే నిలబడింది.

"సెల్ఫ్ గుంజితే పదికో, పదిన్నరకో దిగాలె. దిగుతలేదంటే కావాల్సినంత కరెంటు పోతలేదు బిడ్డా."

మీటర్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని సెల్ఫ్ ఒంటికి పెట్టి, మళ్లీ తాళం తిప్పించాడు. అర వోల్టు లోపు ఉండాల్సిన చోట 7 చూపించింది. నా కష్టం మొదటిసారి ఒకరి కంటబడింది! పోయే వైరును అందరూ పట్టి చూస్తారు, తిరిగొచ్చే దారిని తడిమేవాళ్లు తక్కువ. 0.02 ఓమ్ అడ్డు చాలు, 200 ఆంపియర్లకు 4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. సోలినాయిడ్‌కు కావలసింది కొద్ది కరెంటే కాబట్టి అది టక్కుమంటుంది, మోటారుకే చాలదు. దారి దొరకని కరెంటు ఆక్సిలరేటర్ కేబుల్‌లోకి ఎక్కుతోంది. మిస్త్రీ చెయ్యి పెడితే కేబుల్ కాలుతోంది. అలాగే తాళం తిప్పుతూ పోతే అది మాడిపోయేదే.

జంపర్ వైరుతో బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలపగానే బండి అందుకుంది. ఆపి, మైనస్ వైరు ఊడదీసి, నన్ను విప్పాడు. ఛాసిస్ మీద పెయింటునూ తుప్పునూ ఇనుము మెరిసేదాకా గీకాడు. నా కొసలు ఎమ్రీ పేపర్‌తో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాడు. మళ్లీ మీటర్ పెడితే 0.2.

ఒంట్లో కరెంటు నిండుగా పారింది. డ్రైవర్ పాత సెల్ఫ్‌ను తుక్కు బస్తాలో వేయబోతుంటే మిస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది పాడు కాలేదు బిడ్డా. తుడిచి ఇంట్ల పెట్టుకో."