చూసీ చూడని చదువులు

ఇంగ్లీషు పదసంపద పెంచుతామనే కోచింగ్ సెంటర్లలో ముందుగా లాటిన్ ధాతువులు నూరిపోస్తారు. ‘విదేరే’ అంటే చూడటం, ‘స్పెకెరే’ అన్నా చూడటమే. ఈ రెండూ పట్టుబడితే చాలు, వీసా, రివిజన్, సూపర్‌వైజర్ ఒక గుంపుగా, ఇన్‌స్పెక్షన్, ప్రాస్పెక్టస్ ఇంకో గుంపుగా వచ్చి వాల్తాయి. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఇప్పటికీ అమ్ముడుపోతున్నదంటే ఈ కిటుకు చలవ కూడా ఉంది. కిటుకు మంచిదే. ఈ మాటలకు మన చదువుల్లో కుర్చీలేసి కూర్చోబెట్టాకే వచ్చింది చిక్కు. అన్నిట్లోనూ చూపుంది, చూసేవాడే లేడు.

ప్రాస్పెక్టస్ అంటే ముందుచూపు. యాజమాన్యాలకు అది మహా ఎక్కువ. పునాది కూడా తియ్యని హాస్టల్ అందులో నాలుగంతస్తులు లేచి ఉంటుంది.

ఇన్‌స్పెక్షన్ అంటే లోపలికి చూడటం. మనవాళ్లు దాన్ని పెళ్లిచూపులు చేశారు. కాకపోతే పెళ్లిచూపుల్లో నగలు అరువైనా పిల్ల సొంతమే. ఇక్కడ పిల్ల కూడా అద్దెకే వస్తుంది. వైద్య కళాశాలల తనిఖీలపై 2025లో సీబీఐ పెట్టిన కేసులో ఆరోపణలు చూడండి: బోగస్ అధ్యాపకులు, ఉత్తుత్తి రోగులు, తనిఖీ కబురు కాలేజీకి ముందే చేరవెయ్యడం, అందుకు లంచాలు. జబ్బు లేనివాడు మంచమెక్కి మూలగాలి, పాఠం చెప్పనివాడు తెల్లకోటు వేసుకుని నిలబడాలి. నాటక సమాజాలు మూతపడ్డాయని బాధపడేవాళ్లు ఊరడిల్లవచ్చు.

సూపర్‌వైజర్ పైనుంచి చూసేవాడు. పరీక్ష హాల్లో ఆయన చూసేది కిటికీ అవతలి వేపచెట్టును. లోపల చూచిరాత, ఆయనది చూసీ చూడనట్టు పోవడం. లాటిన్‌కు తెలుగు ఇంతకన్నా ఘాటుగా జవాబు చెప్పలేదు. ఇక రివిజన్, అంటే మళ్లీ చూడటం. ఒక్కసారైనా చూడని పుస్తకాన్ని మళ్లీ చూడటం మన పిల్లలకే సాధ్యం. ఇంగ్లీషువాడి ‘ఎన్వీ’ కూడా ఈ ఇంటి బిడ్డేనట: ఓర్వలేని కంటితో చూడటం. ర్యాంకుల ఫ్లెక్సీ కట్టిన రోజు ఏ వీధిలో నిలబడ్డా దాని అర్థం తెలిసిపోతుంది, డిక్షనరీ అక్కర్లేదు.

ఈ కుటుంబం మొత్తంలో పని చేస్తున్న మాట వీసా ఒక్కటే. ‘చూసిన కాగితం’ అని దాని అర్థం. దాని కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, పనయ్యాక 108 తిరిగి తీర్చుకుంటారు. ఈ రెంటికీ నడుమ నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ కిటికీ దగ్గర, బడిలో చేరింది మొదలు తొలిసారిగా ఒక మనిషి కుర్రవాడి ముఖంలోకి చూసి, నువ్వు చేసిన ప్రాజెక్టు ఏమిటని అడుగుతాడు. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు కదా, నోరు పెగలదు. మన పిల్లవాడికి ఏమొచ్చో చూసే పని కూడా పరాయి దేశానికే అప్పజెప్పాం!

అయ్యా, అమ్మా, ఈసారి ఫీజు కట్టేముందు ఏ హడావుడీ లేని ఒక మామూలు బుధవారం ఆ కాలేజీకి వెళ్లండి. ల్యాబు తాళం తీయమనండి. పాఠం చెప్పే మాస్టారిని చూపించమనండి. ‘చూద్దాం లెండి’ అన్నారా, చెక్కు జేబులోంచి తియ్యకండి.