ఐపీఏ అన్న

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి తిరిగినా ఒక ఐపీఏ అన్న తగులుతాడు. పై అంతస్తుల్లో జావా, పైథాన్ బ్యానర్లు. కింద మెట్ల పక్కన ఈయన ఫోన్ల రిపేరు బల్ల, మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ గన్, ఒక చిన్న సీసా. సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే ఐపీఏ. "తొంభైతొమ్మిది పర్సెంట్" అంటాడు, కొడుకు ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు.

శానిటైజర్ అంటే చిన్నచూపు. అందులో నీళ్లు కలుస్తాయి కదా! నిజానికి పక్కనున్న పంజాగుట్ట నిమ్స్ లాంటి ఆస్పత్రుల్లో సూది ముందు రుద్దే దూదికి 70 శాతమే మేలు. ఆ నీళ్లుంటేనే క్రిములు బాగా చస్తాయి. ఆ మాట ఈయన ముందు అనకండి, రిపేరు ఆలస్యమవుతుంది.

"ఏమైంది తమ్మీ, నీళ్లల్ల పడ్డదా?"

"అవునన్నా. రాత్రంతా బియ్యంల పెట్టిన."

"బియ్యంల పెట్టనీకి అదేమన్న మామిడిపండా?"

ఆయన పనితనం మాత్రం చూసి తీరాలి. బోర్డు విప్పి బ్రష్‌తో ఐపీఏ పూస్తాడు. బోర్డంతా నిగనిగలాడుతుంది. కరెంటు ఇస్తాడు. షార్టయిన కెపాసిటర్, ఆవగింజంత ఉంటుందేమో, వేడెక్కి తన చుట్టూ ఉన్న తడిని అందరికంటే ముందు ఆరబెట్టేస్తుంది. మెరుపు మధ్యలో మెరుపు లేని మచ్చ. "దొరికిండు దొంగ!" అని పట్టకారు అందుకుంటాడు. లక్షలు పోసి కొనే థర్మల్ కెమెరాలు ఈ సంగతి వింటే చిన్నబుచ్చుకుంటాయి.

ఈ ద్రవం సుమారు 12 డిగ్రీల దగ్గరే మంటందుకునేంత ఆవిరి వదులుతుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఎప్పుడైనా అంత చలి ఉంటుందా? అయినా సీసా పక్కనే హాట్ ఎయిర్ గన్, దాని పక్కనే వినాయకుడి పటం, పటం ముందు వెలుగుతున్న అగరుబత్తి. విఘ్నాలన్నీ ఆయనే చూసుకోవాలి.

మొన్న ఒకాయన కెమెరా అద్దం మీద గీత పడ్డ ఫోను తెచ్చాడు. మనవాడు ఒక్క చుక్క వేశాడు. గీత మాయం! మాయ కాదు, వక్రీభవనం. గీతలో గాలి ఉంటే వెలుగు చెదిరిపోతుంది. గాలి గుణకం 1, గాజుది దాదాపు 1.5. మధ్యలోకి 1.377 ఉన్న ఐపీఏ దూరితే ఆ తేడా తగ్గి గీత కంటికి ఆనదు. నీళ్లది 1.333 మాత్రమేనని అన్నకు మహా సంబరం.

"చూసిన్రా సార్, గ్లాస్ మారిస్తే ఇట్లుంటది" అని ఆయన చెప్పేలోపే కస్టమరు ఫోను లాక్కుని, థాంక్స్ చెప్పి, మెట్రో ఎక్కేశాడు. తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడ దిగి ఫోటో తీయబోతే, చుక్క ఆరిపోయి గీత ఎప్పటిలాగే ఉంది. అదే టికెట్ ధర మళ్లీ పెట్టుకుని రొప్పుతూ తిరిగొచ్చాడు.

"గ్లాసుకు మూడొందలు సార్."

"మరి ఇందాక వేసింది?"

"అది డెమో. ఫ్రీ."