తాతగారి సైకిలుకు తోలు తీయడం ఎలా

అటక మీంచి పాత రాలీ దించారా? అయితే ముందు దాన్ని కడక్కండి. కిరోసిన్ గుడ్డతో ఓ మూల తుడవగానే నల్లటి ఎనామెల్ అద్దంలా బయటపడి, దాని మీద బంగారు గీతలు కనబడి, మనసు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు. అలాంటి బలహీనతకు చోటివ్వకూడదు. మకిలి మకిలిగా ఉండగానే పని మొదలుపెట్టాలి.

విప్పడం పెద్ద పనేం కాదు, ఒక్క పెడళ్ళ ఇరుసు దగ్గర తప్ప. చైను వైపు కప్పుకు ఉల్టా మర ఉంటుందని, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుందని మెకానిక్కులు చెబుతారు. లోకంలో మరలన్నీ ఒకలా ఊడుతుంటే దీనికి మాత్రం ఏమొచ్చింది? మామూలుగానే తిప్పండి. బిగుసుకుంటే పానాకు పైపు తొడిగి ఇంకా గట్టిగా తిప్పండి. నాది ఎంత గట్టిగా తిప్పానంటే ఇప్పటికీ ఊడలేదు. లోపలి గోళీలూ గ్రీజూ అక్కడే ఉండిపోయాయి. తర్వాత నేను పోసినవన్నీ వాటికీ అందాయి.

ముందు మెడ మీది కొంగతల బిళ్ళ చిన్న రివెట్లతో ఉంటుంది. వాటిని సన్నగా అరగదీసి బిళ్ళను భద్రంగా తీయాలట. స్క్రూడ్రైవరు దూర్చి ఎగదీస్తే అర నిమిషం పని. మా కొంగ మెడ వంగింది. కొంగ మెడ వంగడంలో వింతేముంది?

ఇక గరుకు కాగితం. పాత ఎనామెళ్ళలో సీసం ఉండేదని భయపెడతారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు ముందు పుట్టినవాళ్ళం అందరం బతికే ఉన్నాం కదా! తడిపి రుద్దితే దుమ్ము లేవదు. దుమ్ము లేవకపోతే పని జరుగుతోందని ఇంట్లోవాళ్ళకు తెలిసేదెలా? పొడిగా, హాల్లో, ఫ్యాను కింద రుద్దండి. ఆ రోజు మా ఇంట్లో పెరుగు మీద మీగడ కూడా నల్లగా కట్టింది.

కాగితానికి లొంగని చోట బ్లో ల్యాంపు. గొట్టాలు కలిసే చోట లగ్గులుంటాయి, వాటిని ఇత్తడి పోసి అతుకుతారు. ఆ ఇత్తడి కరగాలంటే దాదాపు 900 డిగ్రీలు కావాలి. రంగు పొంగడానికి అందులో మూడో వంతు చాలు. మధ్యన ఇంత జాగా ఉండగా జంకెందుకు? ఫోర్కునూ కింది గొట్టాన్నీ ఎర్రబడేదాకా కాల్చండి. కిటికీలు మూస్తే గాలికి మంట ఆరదు, సీసం పొగ కూడా వృథాగా బయటికి పోదు.

కాస్టిక్ సోడా పాత ఎనామెల్‌ను నానబెట్టి ఊడగొడుతుంది, ఉక్కు జోలికి పోదు. అంతవరకు నాకు తెలుసు. అల్యూమినియాన్ని మాత్రం హైడ్రోజన్ బుడగలు కక్కిస్తూ తినేస్తుందని తర్వాత తెలిసింది. అప్పటికే దాన్ని మా బామ్మ శుభకార్యాలకు అన్నం వండే సత్తు గంగాళంలో కలిపేశాను. పొయ్యి లేకుండానే గంగాళం ఉడికింది. సైకిలు రంగు కాస్త మెత్తబడింది, గంగాళానికి అడుగు పోయింది. ఇనుప డ్రమ్ము వాడొచ్చుగా అని బామ్మ నన్ను వారం రోజులు అడిగింది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోమనీ అంది. వేసుకుంటే పట్టు దొరకదు. నా కుడిచేతి మచ్చలు చూసినవాళ్ళు ఇప్పుడు నన్ను పెద్ద పనివాడనుకుంటున్నారు.

ఆఖరి మెరుపు కోసం బాత్‌రూము యాసిడ్ పోయండి. లగ్గు సందుల్లోకీ గొట్టాల్లోకీ దిగిందంటే ఎంత కడిగినా రాదు, అక్కడే కాపురం పెడుతుంది. ఆ సాయంత్రం మా ఫ్రేము వెండిలా మెరిసింది. ఆరబెట్టి వెంటనే రెడ్ ఆక్సైడు కొట్టమన్నారు. మరి ఆ మెరుపు చుట్టాలు చూడొద్దూ? రాత్రి వాన తేమకు వదిలేశాను. తెల్లారేసరికి ఆవకాయ రంగుకు తిరిగింది.

అలాగే భుజాన వేసుకుని సందు చివర సైకిలు షాపు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. పై గొట్టానికి ఓ పట్టీ మిగిలిపోయింది. చిన్నప్పుడు మా నాన్నను కూర్చోబెట్టుకోవడానికి తాతగారు బిగించిన బుల్లిసీటుది, నట్టు తుప్పుపట్టి నాకు రాలేదు. పెద్దాయన నూనె చుక్క వేసి, కాసేపు ఆగి విప్పాడు. కింద తాతగారు చుట్టిన ట్యూబు ముక్క. అది తీస్తే రెండంగుళాల నలుపు, దాని మీద జుట్టంత సన్నటి బంగారు గీత. బొటనవేలితో ఓసారి రుద్ది చూశాడాయన.

"మిగతాదంతా ఏది బాబూ?" అన్నాడు.

"పెరట్లో ఊడ్చేశామండీ."

మీకూ ఎక్కడైనా ఇలా రెండంగుళాలు మిగిలిపోతే వెంటనే గీకేయండి. ఫ్రేమంతా ఒకే రంగులో ఉండాలి.