వంద సీసీ పాడిగేదె

ఖజానాకు దాహమేసినప్పుడల్లా పాలకులకు ఒక జీవి గుర్తొస్తుంది. దానికి కొమ్ములుండవు. తోకుండదు. రెండు చక్రాలుంటాయి. మేత వెయ్యక్కర్లేదు, దాని తిండి ఖర్చు తోలేవాడే పెట్టుకుంటాడు. కసరదు, కుమ్మదు, కాలెత్తి తన్నదు. పూటకోసారి కాదు, లీటరు లీటరుకీ పాలిస్తుంది. వంద సీసీ పాడిగేదె! బడుగుజీవి దాన్ని బండి అంటాడు. ఆర్థిక శాఖ రాబడి అంటుంది.

ఆ బండి ఎవరిది? తాపీమేస్త్రిది. ప్రైవేటు బడి పంతులుది. మందుల కంపెనీ రెప్పుది. డెలివరీ కుర్రాడిది. సరదాకు కొన్నారా? బస్సు రాక కొన్నారు. ఊరికి తిరగాల్సిన బస్సును సర్కారు ఎగ్గొడితే, ఆ లోటును నెలనెలా కిస్తీలు కట్టి పూడ్చుకున్నవాడు బండివాడు. ప్రభుత్వం మొయ్యాల్సిన బరువును సొంత జేబుతో మోస్తున్నాడు. మోసేవాడికి కూలి ఇవ్వాలా, వాడి దగ్గరే సుంకం గుంజాలా? మనవాళ్లు రెండోదే ఎంచుకున్నారు. అదే సులువు మరి.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మరిచిపో అని ప్రకటన. కొన్నవాళ్ల సంగతేమో గానీ, ఆ మాట ప్రభుత్వాలకు బాగా వంటబట్టింది. పన్ను పోయించుకున్నారు. ఖజానాకు మూత పెట్టారు. బండివాణ్ని మరిచిపోయారు.

బాదుడు షోరూం గడప దగ్గరే మొదలవుతుంది. 2017 జులైలో జీఎస్టీ దిగింది. వంద సీసీ బండిని ఏ గాటన కట్టారు? 28 శాతం గాటన. విలాసాల వరసలో! టిఫిన్ డబ్బా తగిలించుకుని షిఫ్టుకు పరిగెత్తేవాడి బండి విలాసమట. మరి కోటి దాటిన ఎలక్ట్రిక్ కారుకో? 2019 నుంచి 5 శాతం. పర్యావరణం కదండీ! బంగారానికో? 3 శాతం. సంప్రదాయం కదండీ! లీటరుకు అరవై కిలోమీటర్లు లాగే బండి ఒక్కటే ఏదో పాపం చేసుకుంది.

2020 ఆగస్టులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే ఆ పాపం కడిగేశారు. ద్విచక్ర వాహనం విలాస వస్తువూ కాదు, పాపపు సరుకూ కాదు, పన్ను సవరించాల్సిందే అని పరిశ్రమ పెద్దల ముందు సెలవిచ్చారు. సవరించారా? ఆహా, ఎందుకు సవరించలేదు! 2025 సెప్టెంబరు 22న సవరించారు. మంత్రిగారి మాట విని కొన్న బండికి కిస్తీలు తీరాయి. సీటు చిరిగింది. చైన్ స్ప్రాకెట్ రెండుసార్లు మారింది. మాట అమల్లోకి వచ్చేసరికి అయిదేళ్లు. 28ని 18 చేసి దానికి ఉత్సవమని పేరు పెట్టారు. ఎనిమిదేళ్లు మన జేబులో చెయ్యి పెట్టినవాడు రెండు వేళ్లు బయటికి తీస్తే మనం దండ వెయ్యాలి. వేశాం కూడా.

జీఎస్టీ దాటితే లైఫ్ ట్యాక్సు. తెలంగాణలో ధర 50 వేలు దాటి లక్షలోపు ఉన్న బండికి 12 శాతం. జీవితకాలం రోడ్డు వాడుకున్నందుకు ముందస్తు అద్దె అన్నమాట. అద్దె మొత్తం కట్టించుకున్నారు. ఇల్లేదీ?

తర్వాత బీమా. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికైతే 714 రూపాయలు. అయిదేళ్లకు ఒకేసారి కడితే? వీధి చివరి కొట్టులోనైనా టోకున కొంటే తగ్గిస్తారు. ఇక్కడ 3,851. అయిదు 714లు ఎంతో మీ ఇంట్లో ఎక్కాలు చదివే పిల్లనడగండి. 3,570. ముందే కట్టిన పుణ్యానికి 281 రూపాయల జరిమానా. దాని నెత్తిన మళ్లీ 18 శాతం జీఎస్టీ.

ఇంకా ఉంది. బండి అమ్మేటప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ కంపెనీయే సమకూర్చాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది చెబుతోంది. షోరూంలో అడిగి చూడండి. "యాక్సెసరీస్‌లో వస్తుంది సార్" అంటారు. యాక్సెసరీస్‌లో అంటే బిల్లులో. క్రాష్ గార్డు, సీటు కవరు, పైన హ్యాండ్లింగ్ చార్జీలు. వాళ్లు ఏం హ్యాండిల్ చేశారయ్యా అంటే, మన పర్సు.

ఇక బంకుకు పదండి. పెట్రోలు మీద పన్ను పెంచిన ప్రతిసారీ టీవీ చర్చలో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. కార్లు కొన్నవాళ్లు ఆమాత్రం కట్టలేరా అంటాడు. అయ్యా, పెట్రోలియం శాఖ నీల్సన్ సంస్థతో చేయించిన సర్వే 2014లోనే బయటికొచ్చింది. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో 61 శాతానికి పైగా తాగేది ద్విచక్ర వాహనాలేనని అది తేల్చింది. కారువాడి పేరు చెప్పి కొడుతున్న దెబ్బ ఎవరి వీపు మీద పడుతోందో తెలిసిందా? తెలుసు. తెలిసే కొడుతున్నారు.

2017 జూన్ నుంచి ధర రోజూ మారుతుందన్నారు. ప్రపంచంలో తగ్గితే మీకూ తగ్గుతుందని ఊరించారు. 2020 ఏప్రిల్‌లో అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర సున్నా కిందికి పడింది. మనకేం ఒరిగింది? మే నెలలో ఎక్సైజ్ సుంకం ఒక్క పెట్టున లీటరుకు 10 రూపాయలు పెరిగింది. జనం ఇళ్లలో తలుపులు వేసుకుని ఉన్నప్పుడు! 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా ఆ రోజువారీ ధర 137 రోజులు గుర్రుపెట్టి నిద్రపోయింది. అయిదు రాష్ట్రాల ఎన్నికలు మరి. ఓట్ల లెక్కింపు ముగిసింది, ధరకు మెలకువొచ్చింది. పదహారు రోజుల్లో 10 రూపాయలు ఎగబాకింది. 2024 మార్చిలో 2 రూపాయలు దిగింది. ఎందుకంటారా? లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. చమురు ధర లండన్‌లో తేలుతుందని ఎవరో అమాయకులు అంటుంటారు. అది తేలేది ఎన్నికల షెడ్యూలులో.

మన రాష్ట్రాలు తక్కువ తిన్నాయా? తెలంగాణ వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్ 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, దాని మీద ఇంకో రూపాయి. ఆ రూపాయి పేరు రోడ్డు అభివృద్ధి సెస్సు. 2020లో ఒక ప్రభుత్వం వేసింది. ఆ ప్రభుత్వపు గుంతల్ని ఫొటోలు తీసి ఊరూరా తిప్పి గెలిచినవాళ్లు వచ్చారు. గుంతలు చేదు. రూపాయి మాత్రం తీపి. అది 2025లోనూ అలాగే ఉంది.

కేంద్రం కూడా రోడ్డు పేరు చెప్పే లీటరుకు 5 రూపాయలు గుంజుతోంది. వెరసి ఆంధ్రా బండివాడు లీటరుకు 6 రూపాయలు అచ్చంగా రోడ్డుకే కడుతున్నాడు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవాడికి నెలకు ఇరవై లీటర్లు, 120 రూపాయలు. ఏడాదికి 1,440. లైఫ్ ట్యాక్సు వేరే. మరి వాడి వీధి చివర గుంత ఎందుకు పూడలేదు? వాడి నడుం నొప్పి ఎందుకు తగ్గలేదు? డబ్బు హాంఫట్!

మైలేజీయే దిక్కు అనుకుంటే అందులోనూ నీళ్లు, క్షమించాలి, ఇథనాల్ కలిపారు. 20 శాతం ఇథనాల్ కలిపితే పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం పడిపోతుందని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. ఆ నష్టానికి బదులుగా పన్ను తగ్గించి ఆ పెట్రోలు చవగ్గా అమ్మండని కూడా సలహా ఇచ్చింది. కలపమన్న మాట ఒక చెవికి వినిపించింది. తగ్గించమన్న మాట రెండో చెవి నుంచి జారిపోయింది. ఇథనాల్, కరెంటు కలగలిపి నడిపితే పెట్రోలు 15 రూపాయలకే దొరుకుతుందని నితిన్ గడ్కరీ గారు 2023లో చెప్పారు. 15 దొరికింది. కాకపోతే ఉపన్యాసంలో, బంకులో కాదు.

ఇన్ని కట్టి రోడ్డెక్కితే ఎదురయ్యేదెవరు? చెట్టు చాటున, చేతిలో కెమెరాతో సర్కారు! హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు గల్లంతు. 2019 సవరణ చట్టం, 194-డి సెక్షన్. మంచిదే. అదే చట్టంలో 198-ఎ అని ఇంకో సెక్షన్ ఉంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం వెయ్యక ఎవరి ప్రాణమైనా పోతే, వేసినవాడికీ వేయించినవాడికీ జరిమానా. ఎంత? లక్ష దాకా. ప్రాణం పోయినా అంతకు మించదు. పోనీ, ఆ లక్షయినా కట్టిన కాంట్రాక్టరు ఒక్కడైనా మీ ఊళ్లో ఉన్నాడా? కట్టిన ఇంజినీరు? చలానా ఫొటోలో బండివాడి నెత్తి స్పష్టంగా పడుతుంది. చక్రం కింది గుంత పడదు. ఏం కెమెరా అండీ అది!

2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల 14,926 మంది చనిపోయారని, ఉగ్రవాదుల చేతుల్లో పోయినవాళ్లకంటే ఇది ఎక్కువే కావచ్చని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు మండిపడింది. 2022లో? ఒక్క ఏడాదే 1,856 మంది. కోర్టు మాట అలా ఉంది. గుంత ఇలా ఉంది. స్పీడ్ బ్రేకరు సంగతీ అంతే. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలిచ్చింది. మన కార్పొరేటరు గారి ఇంటి ముందున్నదాన్ని కొలవండి చూద్దాం. అది స్పీడ్ బ్రేకరు కాదు, బోన్ బ్రేకరు.

చలానాలకు మళ్లీ పండగ సేలు ఒకటి! తెలంగాణలో 2022లో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గింపు. 2023 డిసెంబరులో 80 శాతం. ఆషాఢం చీరలే నయం. జరిమానా మన ప్రాణం కోసమే అయితే ప్రాణానికి డిస్కౌంటు ఏమిటి? వెంటనే కట్టిన బుద్ధిమంతుడికి నామం, ఎగ్గొట్టి కూర్చున్న ఘనుడికి బహుమానం. చట్టం భలే పాఠం చెప్పింది.

హెల్మెట్ వద్దని ఎవరైనా అంటే నమ్మకండి. 2022లో హెల్మెట్ లేక ఈ దేశంలో 50,029 మంది పోయారు. పెట్టుకోండి. బకిల్ బిగించండి. వెనక కూర్చున్న ఇల్లాలికీ పెట్టండి. రోడ్డు మీద మిమ్మల్ని కాపాడే పథకం ప్రస్తుతానికి అదొక్కటే. అదీ మీ డబ్బుతోనే.

మరి హెల్మెట్ మీద ఇంత ప్రేమ ఉన్న పెద్దలకు ఒక్కరోజు మాత్రం కళ్లు కనపడవు. బైక్ ర్యాలీ రోజు. ఆ రోజు వంద సీసీ బండి మీద ముగ్గురు ఎక్కొచ్చు. సైలెన్సరు పీకెయ్యొచ్చు. నెత్తిన హెల్మెట్ బదులు పార్టీ కండువా చాలు. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు జీపు, మధ్యలో ఓపెన్ టాప్ వాహనంలో నాయకుడు. రెండు లీటర్ల పెట్రోలు చీటీ, ఒక బిర్యానీ పొట్లం. కెమెరాలన్నీ ఆ పూట మౌనవ్రతం. మర్నాడు పొద్దున అదే బండి, అదే కుర్రాడు, అదే కూడలి. ఫోన్ టింగుమంటుంది. చలానా!

ఏ పార్టీ అని అడక్కండి. ఏ పార్టీ కాదో చెప్పండి.

ఈసారి ర్యాలీకి పిలుపొస్తే, చీటీ చింపే ముందు ఒక్క ప్రశ్న అడగండి. అన్నా, నా లీటరు మీద తీసుకున్న రోడ్డు రూపాయలు ఏ రోడ్డులో పోశారు? రోడ్డు పేరు చెప్పండి, కాంట్రాక్టరు పేరు చెప్పండి, అది ఎన్ని వానలు నిలిచిందో చెప్పండి. నవ్వి భుజం తడతాడు. కదలకండి. మళ్లీ అడగండి. జవాబు లేకపోతే చీటీ వెనక్కిచ్చెయ్యండి. కండువా కూడా. మా గుంతల మీదుగా మీ విజయయాత్రకు మా బండ్లెందుకు? బస్సులో వెళ్లండి సార్.

బస్సు వస్తే.