అబ్బాకు టీకా తాత్పర్యము

మూలము: «అబ్బా! ఆళ్లగడ్డ బస్సు పాయనే!»

అవతారిక: నంద్యాల బస్టాండున టీ గ్లాసు చేతబట్టి, కడప దారిన పోవు బస్సు వెనుక అద్దమును చూచుచు నాయకుడు పలికిన వాక్యమిది. నాయకుడనగా కావ్యనాయకుడే, సీమలో ఆ మాటకు వేరర్థముండుటచే చెప్పవలసివచ్చెను. గ్లాసున టీ ఇంకను సగమున్నది. ఇది మూలమున లేదు. ఆధారము లేనిది వ్రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథుడు మన్నించుగాక.

ప్రతిపదార్థము: అబ్బా = ఓ తండ్రీ; ఆళ్లగడ్డ = శిల్పుల ఉలిదెబ్బలతో మ్రోగునదియు, అహోబిలయాత్రికులకు వాకిలియునగు ఊరికి పోవు; బస్సు = ఆర్టీసీవారి శకటము; పాయనే = వెళ్లిపోయెను గదా. «పోయెను» అని దిద్దబూనిన కోస్తా పండితుని మాట ఇచట చెల్లదు.

తాత్పర్యము: బస్సు తప్పినది.

విశేషములు: ఇందు తండ్రి ఏల వచ్చెను? ఆయన ఇంటివద్ద కునుకు తీయుచున్నాడు. అయినను వ్రేలు నలిగినను, బస్సు తప్పినను తెలుగువాని నోట ముందుగా పుట్టునది చుట్టమే: అమ్మో, అయ్యో, అబ్బో, నాయనో. ఆంగ్లేయుల మార్గము వేరు. వారు దేవుని పిలువబోయి, భయపడి, నడుమ నాలుక మడచిరి. నాటకమున దేవుని పేరు వేళాకోళమునకు పలికినచో 10 పౌన్ల జరిమానా యని 1606లో వారి పార్లమెంటు శాసించినది కూడను. గాడ్ అనబోయి గాష్ అనిరి, గాలీ అనిరి. జీసస్ అనబోయి జీ అని ఊరకుండిరి. ఈ గాలీ బండివాండ్ర నోట మెలగు ఒట్టని గిల్బర్ట్ వైట్ అను పల్లెటూరి పాదిరి 1775లో వ్రాసికొనెను. మనకీ దొంగచాటు లేదు. అహోబిలము కొండ నెక్కువాడు మెట్టు మెట్టుకు «నరసింహా» అని నోరార అనును. తండ్రిని పిలుచుటకును జంకు లేదు, ఆయన వినడు గనుక.

మాత్రావిచారము: దూరముననున్నవానిని పిలుచునపుడు చివరి అచ్చు ప్లుతమగునని, అనగా మూడు మాత్రలు సాగునని పాణిని. బస్సు మలుపు తిరుగులోపల మన నాయకుని «బ్బా» అయిదు మాత్రలు దాటెను. పాణిని బస్సులను చూడలేదు. అచ్చు కుదించిన అర్థమే మారును. ఎండవేళ మహానంది కోనేట మునిగినవాడు «అబ్బ» యని హ్రస్వముతో ఆపును, అది సుఖము. ఓకారాంతమైనచో అపనమ్మకము. 1991 ఉపఎన్నికలో నంద్యాలనుండి ప్రధాని పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేల పైచిలుకు ఆధిక్యముతో గెలిచెననగానే వినువాడు «అబ్బో» అనును. తెలుగువాడు ప్రధాని యయ్యెనని ఎన్.టి. రామారావు పోటీయే పెట్టలేదని చెప్పినంతనే అది «ఓ, అట్లనా» యగును.

ఉత్తరవాక్యము: అంతట మరుసటి బస్సు కండక్టరు పలికెను: «ఇది గూడ ఆడికే పోతాది లేబ్బా, ఎక్కు.»

ఇచట అబ్బా యెవడు? నాయకుడు కండక్టరునకు తండ్రి వయసువాడే గావున వాచ్యార్థమే చాలునని ఒక మతము. అదే కండక్టరు ఫుట్‌బోర్డు మీది ఇంటర్ పిల్లవానితోను «లోపలికి జరుగబ్బా» అనుటచే ఆ మతము ఖండితము.