వ్యాసులవారి నేతికుండల ఫైలు

2019 జనవరి నాటి జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి గారు సెలవిచ్చిందంతా నేను నమ్మేశాను. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలే. స్టెమ్‌సెల్ టెక్నాలజీ హస్తినాపురంలోనే పుట్టింది. కెమిస్ట్రీ ప్రొఫెసరు మైకు పట్టుకుని చెప్పాక కాదనడానికి మనమెవరం? రావణుడి 24 రకాల విమానాల జోలికి ఇక్కడ పోను. అదే సభలో ఇంకో పెద్దాయన న్యూటన్‌కీ ఐన్‌స్టీన్‌కీ ఫిజిక్స్ తెలీదని తేల్చేసి, గురుత్వ తరంగాలకు ప్రధానమంత్రి పేరు పెట్టాలన్నాడు. పెట్టుకోనివ్వండి, ఆకాశం కోర్టుకెక్కదు కదా. నాకు కౌరవులు చాలు.

నా బాధల్లా ఫైలు గురించి. ఈ దేశంలో పరిశోధన జరిగిందంటే దానికో ఫైలుండాలి, ఫైలుకో నంబరుండాలి, నంబరు పక్కన ‘చర్చించండి’ అని ఎవరో ఒకరు ఆకుపచ్చ ఇంకుతో గిలికి ఉండాలి. గాంధారి కన్న మాంసపిండాన్ని వ్యాసుడు దాచిన నూటొక్క కుండలు, మణుగుల కొద్దీ నెయ్యి, ఏళ్ల తరబడి పని. ఇంత ప్రాజెక్టు ఫైలు లేకుండా నడిచిందంటే ఏ వీసీ గారూ ఒప్పుకోరు. కాబట్టి ఫైలు ఉండే ఉంటుంది. అది ఎలా నడిచి ఉంటుందో ఏ రీసెర్చ్ స్కాలర్‌ని అడిగినా కళ్లకు కట్టినట్టు చెబుతాడు.

మొదటి కాగితం దరఖాస్తు. పేరు కృష్ణద్వైపాయనుడు, అంటే మన వ్యాసుడే. చిరునామా ఏదో ద్వీపం, పిన్‌కోడ్ లేదు. పీహెచ్‌డీ లేదు, నెట్ రాయలేదు. వేదాలను నాలుగుగా విభజించానని చెప్పుకున్నాడు గానీ విభజన ఉత్తర్వుల కాపీ జతచేయలేదు. పద్దెనిమిది పురాణాలు రాశాడట, ఒక్కటీ యూజీసీ జాబితాలో ఉన్న జర్నల్లో అచ్చుకాలేదు. భారతానికి రాతపని వినాయకుడిది కనుక ఆయన్ని సహరచయితగా చూపాలా వద్దా అని డిపార్టుమెంటు మీటింగులో ఒక పూటంతా నలిగింది. చివరికి ఎప్పుడూ తేలేదే తేలింది. పేపరు మీద మొదటి పేరు హెడ్డు ధృతరాష్ట్రులవారిది, రెండోది ఆయన బావమరిది శకునిది, మూడోది చిన్నబాబుకు పనికొస్తుందని దుర్యోధనుడిది. అప్పటికి దుర్యోధనుడు ఇంకా కుండలోకైనా చేరలేదు. నాలుగో పేరు వ్యాసుడిది. వినాయకుడికి కృతజ్ఞతల పేరాలో చోటిచ్చారు.

తర్వాత ఎథిక్స్ కమిటీ. గాంధారీదేవి అంగీకారపత్రం మీద సంతకం ఉంది. ఆవిడ కళ్లకు గంతలు, చదవకుండా చేసిన సంతకం చెల్లదని ఒక సభ్యుడు లేచాడు. చదివి వినిపించాం అన్నారు. సాక్షి ఎవరు? మహారాజుగారు. ఆయన చూశారా? సభలో ఎవరూ మాట్లాడలేదు. సమావేశం వచ్చే నెలకు వాయిదా. వచ్చే నెల కోరం లేదు. ఈలోగా వ్యాసుడు ఆ మాంసపిండం మీద చన్నీళ్లు చిలకరిస్తూ గుమ్మంలోనే కూచున్నాడు. ఏం చేస్తాడు మరి, గ్రాంటు రానివాడు.

కమిటీ దాటాక నెయ్యి. ఆవునెయ్యికి టెండర్లు పిలిచారు. ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడికే ఇవ్వాలన్నది సృష్టి నియమం గనక ఎల్-1 వాడికి పోయింది. కుండలొచ్చాయి, కొన్నిటికి చిల్లు. నెయ్యీ వచ్చింది, మూత తీస్తే వనస్పతి వాసన. స్టోర్స్ వాళ్లు ‘నాణ్యత సంతృప్తికరం’ అని రాసి పుచ్చుకున్నారు. ఎంత కల్తీ జరిగిందో సరుకు బయటికొచ్చాక తెలిసింది. మొదటి కుండ దుర్యోధనుడిది.

అసలు పంచాయితీ ఆడిట్ దగ్గర. మంజూరైంది నూరుగురు పుత్రులు. లెక్కపెడితే నూటొక్కటి, అదనపు శాల్తీ ఆడపిల్ల. అనుమతి లేకుండా ఒక కుండ, కుండెడు నెయ్యి వాడినందుకు వ్యాసుడి మీద రికవరీ పెట్టారు. దుస్సలను ఏ పద్దు కింద చూపాలో తెలీక ‘ఇతరములు’ అని రాశారు. ఆడపిల్లను ఇతరముల్లో రాయడం మాత్రం నికార్సయిన ప్రాచీన విజ్ఞానమే, నేటికీ చెక్కుచెదరకుండా వాడుకలో ఉంది.

పోల్చిచూడటానికి ఇంకో గుంపు ఉండాలి కదా. అడవిలో పాండవులు ఐదుగురున్నారు. కుంతీదేవి అంతకుముందే వచ్చిన ఒక ఫలితాన్ని పెట్టెలో పెట్టి నదిలో వదిలేసి, రిపోర్టులో తనవాళ్లు ముగ్గురేనని చూపింది. నచ్చని డేటాను ఏట్లో కలపడమూ మనం పడమటివాళ్ల దగ్గర నేర్చుకున్నది కాదన్నమాట. ఇక ట్రయల్ ముగింపు నివేదిక: పద్దెనిమిది రోజుల్లో నూరుగురూ హరీమన్నారు, నూరుగురికీ కారణం ఒక్కడే, భీముడు. ఏ మందుల కంపెనీకీ ఇంత కచ్చితమైన ఫలితం ఇంతవరకు రాలేదు.

థీసిస్ సమర్పించే రోజొచ్చింది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నూటికి నూరు సరిపోలింది. ఇదే కథ జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పేశాడు, నైమిశారణ్యంలో సూతుడూ చెప్పేశాడు. శిష్యుల దగ్గర గురువు కాపీ కొట్టాడని తేల్చి, సంజాయిషీ అడిగారు. ఆ గొడవ సద్దుమణిగాక వైవా. బయటి ఎగ్జామినరు అడిగినవి రెండే ప్రశ్నలు. నేతి ఉష్ణోగ్రత ఎంత పెట్టారు? మీరు చేసినట్టే ఇంకొకరు చేసి చూపించారా?

వ్యాసుడి దగ్గర జవాబు లేదు. ఎందుకుంటుంది? ఆయన కవి. తోటికోడలికి ముందుగా కొడుకు పుట్టాడని విని, మోసీ మోసీ విసిగి, తన కడుపు తానే కొట్టుకున్న ఒక ఆడదాని కథ రాశాడాయన. ఆ ఆదిపర్వాన్నే మన నన్నయ రాజమహేంద్రవరంలో తెలుగు చేశాడు. కవిత్వాన్ని ఎలా చదవాలో చెప్పడానికి పుస్తకమే రాసిన కట్టమంచి రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి. 2019లో అదే కుర్చీలోంచి లేచి వెళ్లిన మనిషి, గాంధారి దుఃఖాన్ని తీసుకెళ్లి ల్యాబు రిపోర్టు చేసి వచ్చారు. వ్యాసుడికి ఇంతకంటే అవమానం ఏ నాస్తికుడూ చేయలేదు.

ఈ దేశంలో నిజంగానే ఒకాయన ఇలాంటి కమిటీ ముందు నిలబడ్డాడు. కలకత్తా డాక్టరు, పేరు సుభాష్ ముఖోపాధ్యాయ. 1978 అక్టోబర్ 3న, ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టిన 70 రోజులకే, ఆయన చేతి మీదుగా ఒక ఆడపిల్ల పుట్టింది. పూజల రోజులు గనక దుర్గ అన్నారు. పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి దాచి తర్వాత గర్భంలోకి పంపాడాయన. అలా దాచిన పిండంతో ఆస్ట్రేలియాలో బిడ్డ పుట్టింది 1984లో. అంటే ఆయన ఆరేళ్లు ముందున్నాడు.

మనవాళ్లు ఆయనకు చేసిన సన్మానం ఏమిటో తెలుసా? పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. దానికి పెద్ద ఒక రేడియోఫిజిక్స్ నిపుణుడు. ఈ పనిలో చెయ్యి పెట్టినవాడు అందులో ఒక్కడూ లేడు. చెప్పినవన్నీ బూటకమని తేల్చారు. జపాన్ నుంచి పిలుపొస్తే వెళ్లనివ్వలేదు. గుండెపోటు వచ్చి లేచిన మనిషిని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. గర్భాల మీద పనిచేసినవాడిని కళ్ల దగ్గరికి! 1981 జూన్ 19న ఉరేసుకుని చనిపోయాడు. దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డను 1986లో పుట్టించిన ఘనత చాలాకాలం ఆనందకుమార్ అనే శాస్త్రవేత్త పేరు మీదుండేది. ఆయనే 1997లో ముఖోపాధ్యాయ నోట్సు చదివి, మొదటివాణ్ని నేను కాదు, ఈయన అని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పదహారేళ్లు ఆలస్యంగా.

పత్రికల్లో వచ్చిన మీ ప్రసంగమంతా వెతికాను వీసీ గారూ. ఆ పేరు కనబడలేదు. టెస్ట్‌ట్యూబ్ బిడ్డల విషయంలో ఈ దేశం చెప్పుకోదగ్గ మనిషి ఒకడుంటే, అతన్ని మనమే చంపుకున్నాం, ఇప్పుడు ఆ ఖాళీలో కుండలు పేర్చుకుంటున్నాం. పైగా మీరు ఆ మాటలన్నది ఎవరి ముందు? పిల్లల సైన్స్ కాంగ్రెస్‌లో. శాస్త్రవేత్తలను చూపిస్తామని పిలిపించిన బడిపిల్లల ముందు! వాళ్లు నోట్‌బుక్కులు తెచ్చుకుని ఉంటారు. వాటిలో ఏం రాసుకున్నారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆ పిల్లల్లో ఒకరు రేపు నిజంగానే పరిశోధనకొస్తే? మీరు మాట్లాడిన రోజున స్కాలర్లకు మనం ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్ నెలకు 25,000 రూపాయలు. 2014 నుంచీ అక్కడే ఆగి ఉండేది, అదీ ఏ నెలది ఏ నెల పడుతుందో చెప్పలేని స్థితి. పెంచండి మహాప్రభో అని దేశమంతటా స్కాలర్లు అప్పటికి రోడ్డెక్కి ఉన్నారు. స్థూల దేశీయోత్పత్తిలో పరిశోధనకు ఖర్చుపెట్టేది ఒక్క శాతానికి కూడా చేరలేదు. మైకు దొరికినప్పుడు మీరు అడగాల్సింది ఇది. చెప్పాల్సింది ముఖోపాధ్యాయ కథ, కమిటీ సభ్యులు ఏం చేశారో దాంతో సహా.